ఫార్మాట్ కొట్టేశాక

"ఏం చూసి ఫార్మాట్ చేశావు?"

అడిగింది మా సీనియర్. గొంతు పెంచలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను జర్మనీలోని నూరెంబర్గ్ వచ్చి అప్పటికి రెండు నెలలు. అకౌంట్స్‌లో ఒకావిడ సిస్టమ్ రోజూ బ్లూ స్క్రీన్ వచ్చి పడిపోతోందంటే, గంటన్నరలో విండోస్ మళ్ళీ ఎక్కించి, ఫైళ్ళు సర్దిపెట్టి దర్జాగా లేచొచ్చాను. నాలుగో రోజు మళ్ళీ పడింది, ఒకటి కాదు, రెండుసార్లు.

నా దగ్గర జవాబు లేదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఆరేళ్ళు పనిచేసినవాణ్ణి, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. సిస్టమ్ ఆగిపోతోందా, ఫార్మాట్ కొట్టు. తగ్గితే సాఫ్ట్‌వేర్, తగ్గకపోతే హార్డ్‌వేర్. ఇంతే మా శాస్త్రం.

ఆయన కుర్చీ లాక్కుని మినీడంప్ ఫోల్డర్ తెరిచాడు. సిస్టమ్ పడినప్పుడు ఎందుకు పడిందో విండోస్ రాసిపెట్టే డంప్ ఫైళ్ళు ఉండేది అందులోనే. రెండు ఫైళ్ళు. ఒకదాంట్లో మెమరీ మేనేజ్‌మెంట్ ఎర్రర్, రెండోదాంట్లో ఐఆర్‌క్యూఎల్ అనే వేరే ఎర్రర్. "ఇప్పుడు రెండే ఉన్నాయి. నువ్వు చెరపకుండా ఉంటే ఇంకో పది ఉండేవి" అన్నాడు.

అది తగిలింది. డంపుల్లో ప్రతిసారీ ఒకే డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) పేరు కనిపిస్తే ముందు ఆ డ్రైవర్‌ని పట్టుకోవాలి. ఎర్రర్ కోడ్ పూటకోటి మారుతుంటే ర్యామ్ మీద అనుమానం. డంప్ ఏమీ లేకుండా, విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 (సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందనే నమోదు) ఒక్కటే ఉండి, అందులో బగ్‌చెక్ కోడ్, అంటే బ్లూ స్క్రీన్ కోడ్, సున్నా అయితే పవర్ సప్లైనో వేడినో చూడాలి. ఇవి నాకు తెలియవా? తెలుసు. తెలిసీ చూడలేదు, అదీ సిగ్గు.

ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ కూడా ఆయనతోనే వాదన. అయ్యా, మా కౌంటర్ ముందు ఆరుగురు నిలబడి "ఎంతసేపైతది భయ్యా" అంటుంటే నాలుగొందల పనికి రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడుపుతావా నువ్వు? పక్క సిస్టమ్‌లోంచి ర్యామ్ పీకి ఇందులో పెట్టి చూసేవాళ్ళం. అదీ పరీక్షే కదా! ఇంతవరకూ బాగానే వాదించాను. కానీ రోజుకోసారి పడే సిస్టమ్ పది నిమిషాల్లో ఏం చెబుతుంది? బాగైందని పంపినవాటిలో ఎన్ని తిరిగొచ్చాయో గుర్తుంది. విసిగిపోయి ఇంకో షాపుకెళ్ళినవి ఎన్నో, వాటి లెక్క లేదు.

మర్నాడు సాయంత్రం పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్ పెట్టి వెళ్ళాం. దానికి విండోస్‌తో పనే లేదు, కాబట్టి అందులో తప్పు దొరికితే నేరం విండోస్ మీదికి తోయలేం. పొద్దున చూస్తే స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి చూస్తే తేలింది, రెండింటిలో ఒకటే దోషి.

మధ్యాహ్నం మా షాపు అన్నకి ఫోన్ చేశా. అంతా విని ఒకే మాట అడిగాడు: "రబ్బర్‌తోని రుద్దినవారా?"

రుద్దలేదు! రిసెప్షన్‌లో పెన్సిల్ రబ్బరు అడిగి తెచ్చి, ర్యామ్ పిన్నులు రెండువైపులా మెల్లగా రుద్ది, పొడి ఊదేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఒక రాత్రి మెమ్‌టెస్ట్. ఒక్క ఎర్రర్ లేదు. సీనియర్ ఆ రబ్బరుని అటూ ఇటూ తిప్పి చూశాడు, నవ్వాడు, రిపోర్టులో "కాంటాక్టులు శుభ్రం చేశాం" అని రాశాడు. రాసి, రెండు ర్యాములూ తీసేసి కొత్తవి పెట్టాడు. మళ్ళీ పడితే ఆవిడ పోగొట్టుకునే పూట ఖరీదు ర్యామ్ కంటే ఎక్కువట. నిజమే కావచ్చు. మా దగ్గరైతే అది ఇంకో ఐదేళ్ళు ఏ ఇంటర్నెట్ సెంటర్‌లోనో బతికేది.

నాకివ్వచ్చా అనడిగాను. కంపెనీ సామాను, కుదరదన్నాడు. సాయంత్రం వెళ్తూ చూశాను, స్క్రాప్ డబ్బాలో పైనే ఉంది, రుద్దిన పిన్నులు తళతళా మెరుస్తూ.