పర్యాటకుడి డబ్బు రాష్ట్రంలో ఎంత నిలుస్తుంది?

పర్యాటక శాఖల వార్షిక ప్రకటనల్లో అన్నిటికంటే పైన ఉండేది సందర్శకుల సంఖ్య. ఇన్ని లక్షల మంది వచ్చారు, కిందటేటికంటే ఇంత శాతం ఎక్కువ. రాష్ట్రానికి ఏం ఒరిగిందో ఆ అంకె చెప్పదు. పైగా చాలాచోట్ల ఆ అంకెలోనే లోపం ఉంటుంది. టికెట్ కౌంటర్ల దగ్గర లెక్కపెడితే, ఉదయం కోట చూసి, మధ్యాహ్నం మ్యూజియానికి, జలపాతానికి వెళ్లి, సాయంత్రం పడవ ఎక్కిన ఒకే మనిషి నలుగురవుతాడు. ఐక్యరాజ్యసమితి గణాంక నిర్వచనం ప్రకారం సందర్శకుడంటే తన నిత్య సంచార పరిధి దాటి, ఏడాదికి లోపు కాలానికి, అక్కడి సంస్థలో ఉద్యోగం కోసం కాకుండా వేరే పని మీద వచ్చినవాడు. రోజూ పక్క పట్నానికి వెళ్లి పనిచేసుకుని వచ్చేవాళ్లు ఇందులోకి రారు. బంధువుల ఇంటికి వచ్చినవాళ్లూ వైద్యానికి వచ్చినవాళ్లూ వస్తారు.

డబ్బు లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. జాతీయ ఆదాయ లెక్కల్లో వ్యవసాయానికి, గనులకు, నిర్మాణానికి వరుసలు ఉంటాయి, పర్యాటకానికి విడిగా వరుస లేదు. హోటల్, బస్సు, రెస్టారెంట్, చేతివృత్తుల దుకాణం, అన్నీ వేర్వేరు పద్దుల్లో ఉంటాయి. అందుకే టూరిజం శాటిలైట్ అకౌంట్ అనే పద్ధతి వచ్చింది. దాని చట్రాన్ని ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2000లో ఆమోదించింది, 2008లో సవరించిన రూపం వచ్చింది. ఒక్కో రంగంలో అమ్మకాల్లో సందర్శకులు కొన్న వాటా ఎంతో సర్వేలతో తేల్చి, ఆ వాటానే పర్యాటకం కింద చూపిస్తారు. ఈ పని చేయకుండా రెస్టారెంట్ల అమ్మకాలన్నీ కలిపేస్తే, ఊళ్లోవాళ్లు తిన్నది కూడా పర్యాటక ఆదాయం అయిపోతుంది.

ఇంకో తేడా కూడా గమనించాలి. బయటి రాష్ట్రం నుంచో దేశం నుంచో వచ్చినవాడి ఖర్చు రాష్ట్రానికి కొత్త డబ్బు. అదే రాష్ట్రంలోని రాజధాని కుటుంబం కొండ ప్రాంతానికి వెళ్లి ఖర్చు పెడితే, ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు డబ్బు చేతులు మారింది. దీన్ని తక్కువచేసి చూడనక్కర్లేదు. పరిశ్రమలు లేని మారుమూల జిల్లాలకు ఆ బదిలీ ఎంతో విలువైనది. అలాగని రాష్ట్ర ఆదాయం పెరిగిందని రాయడం తప్పు.

ఇప్పుడు అసలు విషయం. సందర్శకుడు పెట్టే ఖర్చును నూరు పాళ్లు అనుకుందాం. ఒక చోట అరవై పాళ్లు స్థానికుల చేతికి వెళ్తాయి, ఆ చేతికి వచ్చినదాంట్లో సగం మళ్లీ ఆ ప్రాంతంలోనే ఖర్చవుతుంది. అరవై, ముప్పై, పదిహేను, ఏడున్నర, ఇలా కూడుకుంటూ పోతే మొత్తం నూట ఇరవై పాళ్ల ఆదాయం పుడుతుంది. మరో చోట హోటల్ బయటి కంపెనీది, సరుకు దూరపు గోదాము నుంచి వస్తుంది, మేనేజర్లు బయటివాళ్లు. అక్కడ ముప్పై పాళ్లే నిలిచి, అందులో మూడో వంతుకన్నా తక్కువ, ముప్పై శాతమే, స్థానికంగా తిరిగితే మొత్తం నలభై మూడు దాటదు. వచ్చినవాళ్లు అంతే, వాళ్లు పెట్టిన ఖర్చూ అంతే. ప్రాంతానికి దక్కింది మాత్రం మొదటి చోటుతో పోలిస్తే మూడో వంతుకు దగ్గర. కాబట్టి రెండో చోటికి జనాన్ని రెట్టింపు చేయడానికి ప్రచారం చేసినా మొదటి చోటుకు సాటిరాదు. ముందు డబ్బు బయటికి కారిపోయే చోట్లు మూయాలి.

ఆ కారే చోట్లలో పెద్దది వంటగదికి వచ్చే సరుకు. యాభై గదుల హోటల్ అరవై శాతం నిండితే ముప్పై గదులు, గదికి ఇద్దరు చొప్పున అరవై మంది. మనిషికి రోజుకు 350 గ్రాముల కూరగాయలు అనుకుంటే రోజుకు 21 కిలోలు. చుట్టుపక్కల నాలుగైదు చిన్న కమతాలు ఇవ్వగలిగిన సరుకే ఇది. మరి ఎందుకు కొనరు? సీజన్లో తొంభై శాతం నిండితే అవసరం 31 కిలోలు దాటుతుంది, అన్‌సీజన్లో ముప్పై శాతానికి పడిపోతే పదిన్నర కిలోలే. రైతు పంట మాత్రం ఆ గ్రాఫ్ ప్రకారం రాదు. ఒక్క రోజు సరుకు రాకపోతే చెఫ్ ఆ ఉదయమే టోకు వర్తకుడికి ఫోన్ చేస్తాడు, ఆ తర్వాత ఇక వెనక్కి తిరిగి చూడడు. రెండో అడ్డంకి చెల్లింపు. పెద్ద హోటళ్లు నలభై ఐదు, అరవై రోజుల అరువు మీద నడుస్తాయి. వర్తకుడు దాన్ని మోయగలడు, అర ఎకరం రైతు మోయలేడు.

దీన్ని సరిదిద్దే పద్ధతికి ఒక క్రమం ఉంది. మొదట ప్రతి హోటల్ నుంచి వారానికి ఏ సరుకు ఎన్ని కిలోలు కొంటారో రాతపూర్వకంగా తీసుకోవాలి. అందులోంచి ఆ నేలలో ఏడాదంతా పండే ఐదారు రకాలతోనే మొదలుపెట్టాలి. ఒకేసారి ముప్పై రకాలకు ఒప్పుకుంటే మొదటి నెలలోనే మాట తప్పుతారు. సైజు, తాజాదనం విషయంలో గ్రేడు ఏమిటో ముందే చూపించి ఒప్పించాలి. ఒకే సేకరణ కేంద్రం, అక్కడ చిన్న చల్లగది, సరుకు లోటు పడితే బయట కొనైనా హోటల్‌కు చేర్చే బాధ్యత ఉన్న ఒక మనిషి ఉండాలి. ధర సీజన్ మొత్తానికి ఖాయం చేసుకోవాలి, చెల్లింపు వారం వారం జరగాలి. హోటల్ అరువు, రైతు నగదు మధ్య ఉన్న ఆ ఆరు నుంచి ఎనిమిది వారాల ఖాళీని పూడ్చడానికి ఒక చిన్న తిరుగు నిధి, అంటే హోటల్ డబ్బు రాగానే మళ్లీ నిండే నిధి, ఉంటే చాలు. నా దృష్టిలో ప్రభుత్వం పర్యాటకంలో పెట్టే పెట్టుబడుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చేది మరొకటి లేదు. కేరళలోని కుమరకోంలో 2008లో ఈ దారిలోనే బాధ్యతాయుత పర్యాటకం మొదలైంది. కుటుంబశ్రీ మహిళా బృందాలు పండించిన కూరగాయలను రిసార్టులు కొనేలా ఏర్పాటు చేశారు. 2017లో రాష్ట్రమంతటికీ ఒక మిషన్‌గా మార్చారు.

ఇక రాత్రుల సంగతి. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లేవాడు పార్కింగ్, టికెట్, నీళ్ల సీసా, ఒక పూట తిండి దాకా ఖర్చు పెడతాడు. చెత్త, మరుగుదొడ్డి, ట్రాఫిక్ భారం మాత్రం రాత్రి ఉన్నవాడికి దాదాపు సమానంగా వేస్తాడు. రాత్రి ఆగినవాడి నుంచి గది అద్దె, రెండు పూటల భోజనం, మర్నాటి గైడు, ఆటో కిరాయి వస్తాయి. సగటు బస ఒక రాత్రి నుంచి రెండు రాత్రులకు పెరిగితే, జనం ఒక్కరూ పెరగకుండానే గదుల వ్యాపారం రెట్టింపు అవుతుంది. ప్రతి రాత్రికీ కొత్త అతిథి వస్తే పక్క గుడ్డలన్నీ మార్చాలి, గది మొత్తం శుభ్రం చేయాలి. అదే అతిథి ఉంటే ఆ ఖర్చూ తగ్గుతుంది. రెండో రాత్రి ఆపేది తెల్లవారుజామున, లేదా చీకటిపడ్డాక మాత్రమే బాగుండే పని. పక్షులు చూడటం, సూర్యోదయ నడక, రాత్రి ప్రదర్శన, రెండు రోజుల చేతివృత్తి శిక్షణ లాంటివి. ఇంకో వ్యూ పాయింట్ కడితే జనం ఇంకో గంట ఆగుతారు, అంతే.

పన్ను దగ్గర రాష్ట్రాలు తరచూ ఒకే పొరపాటు చేస్తాయి. గది మీద పన్ను రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది, చెత్త ఎత్తే ఖర్చు ఊరి మీద పడుతుంది. శాశ్వత జనాభా ఐదు వేలున్న ఊరికి నిధులు ఐదు వేల మంది లెక్కన వస్తాయి. సీజన్లో అక్కడ పడుకునేది పదిహేను వేల మంది. నీళ్లు, డ్రైనేజీ, వీధి దీపాలు ఆ పదిహేను వేల మందికీ కావాలి. అమెరికాలోని హవాయిలో వసతి పన్నులో కౌంటీలకు (మన జిల్లాల లాంటివి) వెళ్లే వాటాను 2021లో రాష్ట్రం ఆపేసి, కౌంటీలే సొంతంగా 3 శాతం దాకా వేసుకోవచ్చని చట్టం చేసింది. స్పెయిన్‌లోని బలియారిక్ దీవులు 2016 నుంచి రాత్రికి ఇంత అని పర్యాటక పన్ను వసూలు చేసి పర్యావరణం, నీటి వనరులు, వారసత్వ కట్టడాల లాంటి పనులకు కేటాయిస్తున్నాయి. పద్ధతి ఏదైనా, బస చేసిన రాత్రుల నిష్పత్తిలో స్థానిక సంస్థకు వాటా పోవాలి, ఆ డబ్బుతో ఏం చేశారో ఊళ్లో బోర్డు మీద కనిపించాలి. లేకపోతే పర్యాటకం మీద ఊరికి మొదట విసుగు, తర్వాత కోపం వస్తాయి.

ప్రచారం ఖర్చు దండగ అనేవాళ్లకు కొలరాడో అనుభవం చెప్పాలి. అమెరికాలోని ఆ రాష్ట్రంలో 1993లో ఓటర్లు పర్యాటక ప్రచారానికి ఆధారమైన పన్నును కొనసాగించడానికి ఒప్పుకోలేదు. సుమారు 1.2 కోట్ల డాలర్ల బడ్జెట్ సున్నా అయింది. రెండేళ్లలో దేశీయ పర్యాటక మార్కెట్‌లో రాష్ట్రం వాటా 30 శాతం పడిపోయిందని లాంగ్‌వుడ్స్ అనే పర్యాటక పరిశోధన సంస్థ అధ్యయనం తేల్చింది. 2000లో మళ్లీ ప్రభుత్వ నిధులు మొదలుపెట్టాల్సి వచ్చింది. మంచు కొండలు ఎక్కడికీ పోలేదు. పొరుగు రాష్ట్రాలు పిలుస్తుంటే ఇది పిలవడం మానేసింది.

సమాజానికి కలిగే మేలు ఎక్కువగా డబ్బు రూపంలో కనపడదు. ఊరివాళ్లతోనే రోజుకు రెండు ట్రిప్పులు కూడా గిట్టని బస్సు, సందర్శకులు తోడైతే ఆరు ట్రిప్పులు తిరుగుతుంది. అందులో కాలేజీ పిల్లలు వెళ్తారు. గర్భిణి ఆసుపత్రికి వెళ్తుంది. అంబులెన్స్ వచ్చే రోడ్డు, ఫోన్ సిగ్నల్, రాత్రి తెరిచి ఉండే మందుల షాపు కూడా ఇలాగే వస్తాయి. ప్రపంచ పర్యాటక సంస్థ 2019 నివేదిక ప్రకారం ఈ రంగంలో పనిచేసేవాళ్లలో 54 శాతం మహిళలు. అదే నివేదిక వాళ్ల సంపాదన మగవాళ్లకంటే 14.7 శాతం తక్కువని కూడా చెప్పింది. అంటే పని దొరుకుతోంది, పై మెట్టు దొరకడం లేదు. గదులు శుభ్రం చేసే మహిళకు సూపర్‌వైజర్, రిసెప్షన్ శిక్షణ ఇవ్వడానికి అన్‌సీజన్ నెలలే సరైన సమయం.

రువాండా 2005లో జాతీయ పార్కుల పర్యాటక ఆదాయంలో 5 శాతం చుట్టుపక్కల సమాజాలకు ఇవ్వడం మొదలుపెట్టి 2017లో 10 శాతం చేసింది. బడులు, ఆరోగ్య కేంద్రాలు, తాగునీటి పనులు ఆ డబ్బుతో వచ్చాయి. అడవి తమ ఊరికి ఆదాయం తెస్తుందని తెలిసినప్పుడు ఉచ్చులు పెట్టేవాళ్లను ఊరే పట్టిస్తుంది. అయితే వాటా ఊరుమ్మడిగా వస్తుంది, అడవి దున్న తొక్కిన పంట నష్టం ఒక ఇంటికే కలుగుతుంది. ఆ ఇంటికి విడిగా, త్వరగా పరిహారం అందకపోతే బడి ఎంత బాగున్నా ఆ మనిషి అడవికి శత్రువే.

నష్టాల వైపు మొదటిది, ఇళ్లు పర్యాటకుల బసలుగా మారి అద్దెలు పెరగడం. వెనిస్ పాత నగరంలో నివాసితులు 2022లో యాభై వేల లోపుకు పడిపోయారు. 2024లో 29 రోజుల పాటు పగటి సందర్శకుల దగ్గర 5 యూరోల రుసుము వసూలు చేశారు. బార్సిలోనా 2028 చివరికల్లా పర్యాటక అపార్ట్‌మెంట్ల లైసెన్సులు పదివేల పైచిలుకు రద్దవుతాయని ప్రకటించింది. టీచరుకు, నర్సుకు ఇల్లు దొరకని ఊళ్లో పర్యాటకం కూడా నడవదు, ఎందుకంటే హోటల్లో పనిచేసేవాళ్లకూ ఇల్లు కావాలి.

రెండోది తట్టుకునే సామర్థ్యం. దాన్ని తేల్చేది బీచ్ వైశాల్యం కాదు, అన్నిటికన్నా బలహీనంగా ఉన్న వసతి. ఫిలిప్పీన్స్‌లోని బొరకాయ్ దీవిని 2018 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఆరు నెలలు మూసేశారు. ఇసుక సరిపోక కాదు, మురుగునీరు సముద్రంలోకి పోతున్నందుకు. మళ్లీ తెరిచినప్పుడు ఒక సమయంలో దీవిలో 19,215 మంది పర్యాటకులకు మించకూడదని పరిమితి పెట్టారు. ఇలాంటి లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. రోజుకు మూడు వేల మంది వచ్చే చోటులో 40 శాతం ఉదయం పది, పన్నెండు మధ్యే వస్తారనుకోండి. పన్నెండు వందల మంది. సగం మంది మరుగుదొడ్డి వాడతారు, మనిషికి మూడు నిమిషాలు. ఒక్కో దొడ్డి రెండు గంటల్లో నలభై మందికి సరిపోతుంది, అంటే పదిహేను కావాలి. ఆడవాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి వాళ్ల వైపు ఎక్కువ ఉండాలి. రోజు మొత్తం సగటు తీసి తక్కువ కట్టి చేతులు దులుపుకుంటే, మిగతాది చెట్ల వెనక జరుగుతుంది, వర్షానికి వాగులో కలుస్తుంది.

చివరిగా సీజన్ సమస్య. 2020లో అంతర్జాతీయ పర్యాటకం ఒక్కసారిగా 70 శాతానికి పైగా పడిపోయినప్పుడు ఒక్క ఈ ఆదాయం మీదే నిలబడ్డ ప్రాంతాలు ఏమయ్యాయో అందరూ చూశారు. చిన్న రూపంలో అది ప్రతి అన్‌సీజన్లో జరుగుతూనే ఉంటుంది. ఉత్సవాన్ని నిండు సీజన్లో పెడితే గదులు లేక జనం వెనక్కి పోతారు, ధరలు పెరుగుతాయి, కొత్తగా వచ్చే ఆదాయం ఉండదు. సీజన్ అయిపోయిన మూడో వారంలో పెట్టాలి. సమావేశాలను వారం మధ్యకు మళ్లించాలి. గది ధరను సగానికి కోసేయడం కంటే రెండు రాత్రులుంటే మూడోది ఉచితం అనడం నయం, ధర మీద నమ్మకం చెడదు, భోజనాల అమ్మకం పెరుగుతుంది. హోమ్‌స్టే కట్టుకున్న కుటుంబాలకు బ్యాంకులు నెలవారీ సమాన వాయిదాలు పెడితే, అన్‌సీజన్లో కట్టలేక కొందరు తలుపులు మూయాల్సి వస్తుంది. పంట రుణాల మాదిరిగా సీజన్ నెలల్లో పెద్ద వాయిదాలు, మిగతా నెలల్లో వడ్డీ మాత్రమే కట్టేలా పెడితే అదే ఇల్లు, అవే రెండు గదులు, అదే ఆదాయంతో అప్పు తీరుతుంది. దీన్ని రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీలో ఒక తీర్మానంతో మొదలుపెట్టవచ్చు.