డ్యాష్ చెరగని ప్రింటరు కోసం

ఒంగోలులో డిప్లొమా పిల్లలకు గణితం చెబుతాను. నోట్సు ఆరేళ్లుగా లేటెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేరులోనే కంపోజ్ చేస్తున్నాను. వివరణ తెలుగులో ఉంటుంది, లెక్కలు మామూలు గణిత గుర్తుల్లో. ప్రింటు మాత్రం జిరాక్స్ సెంటర్లో తీయించేదాన్ని.

కిందటేడు స్లిప్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే ఒక అమ్మాయి జవాబు దగ్గర ఆగిపోయాను. లెక్క ఏమిటంటే వై డబుల్ డ్యాష్ ప్లస్ 4వై ఈజీక్వల్‌టు సున్నా. డ్యాష్ అంటే వై పక్కన పైన పెట్టే చిన్న గీత, డబుల్ అంటే అలాంటివి రెండు. జవాబులో కాస్ 2ఎక్స్, సైన్ 2ఎక్స్ రావాలి. ఆ పిల్ల ఈ పవర్ మైనస్ 4ఎక్స్ అని రాసింది. స్టెప్పుల్లో ఒక్క తప్పు లేదు. పిలిచి అడిగితే నోట్సు తెచ్చి, "ఇక్కడ ఒకటే డ్యాష్ ఉంది మేడమ్, చూడండి" అని వేలు పెట్టి చూపించింది. నిజంగానే ఒకటే ఉంది. మిగతా కాపీలు తెప్పించి చూస్తే కొన్నిటిలో రెండూ ఉన్నాయి, కొన్నిటిలో రెండోది బూడిద మచ్చలా మిగిలింది. ఆ పిల్లకు పూర్తి మార్కులు వేసి, సొంతంగా లేజర్ ప్రింటరు కొనాలని ఆ రోజే అనుకున్నాను.

ముందు ఆ డ్యాష్ ఎందుకు పోయిందో తెలుసుకోవాలి గదా. సెంటర్లో టోనర్ పొడి ఆదా చేసే సెట్టింగు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందట. దానికితోడు మిషను 300 డిపిఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో నడుస్తోంది. లేటెక్ భిన్నానికి గీసే అడ్డగీత మందం 0.4 పాయింటు, అంటే దాదాపు 0.14 మిల్లీమీటర్లు. 300 డిపిఐలో అది ఒకటిన్నర చుక్క దాటుతుంది. చుక్కలో ముక్క అనేది ఉండదు కాబట్టి ఒక గీత ఒక చుక్కతో, పక్క గీత రెండు చుక్కలతో పడుతుంది. 600లో మూడు చుక్కలు దాటుతుంది, 1200లో ఆరు దాటుతుంది. బిల్లులు, ఆధార్ కాపీలు తీసేవాళ్లకు ఈ తేడాతో పని లేదు. మాకు మాత్రం చుక్క పోతే లెక్కే మారిపోతుంది.

షాపులకు తిరిగే ముందు ఒక పరీక్ష పేజీ తయారుచేసుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన మంచి పని ఇదే. భిన్నంలో భిన్నం, డబుల్ డ్యాష్, ఎక్స్ మీద చుక్క, చిన్న సైజు దశాంశ బిందువులు పైన పెట్టాను. దాని కింద 10 పాయింట్లలోనూ 8 పాయింట్లలోనూ "రాష్ట్రం, స్త్రీ, సూక్ష్మం, లక్ష్యం" అని రాశాను. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి మిషను నాణ్యత ముందు వత్తుల్లోనే బయటపడుతుంది. లేత బూడిద రంగు గడిలో రెండు వాక్యాలు, వేల బిందువులతో గీసిన ఒక గ్రాఫు, అడుగున సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత కూడా వేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని బయల్దేరాను.

ట్రంకు రోడ్డులో మొదటి షాపాయన, "డబ్బా విప్పితే మళ్లీ అమ్ముడుపోదు మేడమ్" అన్నాడు. అదీ న్యాయమే. ఇంకో షాపువాళ్లు తమ బిల్లులు తీసుకునే మిషను మీద ప్రింటు ఇచ్చారు. నెల్లూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు వీఆర్‌సీ సెంటర్ దగ్గర మరో రెండు మిషన్ల మీద తీయించాను. ప్రతి కాగితం వెనక ఏ మిషనుదో పెన్సిలుతో రాసుకుని, ఇంటికొచ్చాక కిటికీ వెలుతురులో మంచం మీద పరిచి, మా నాన్నగారు పంచాంగం చూసుకునే భూతద్దంతో ఒక్కొక్కటే చూశాను.

600 డిపిఐ కాగితంలో డ్యాష్‌లు, గీతలు బాగానే ఉన్నాయి గానీ, 8 పాయింట్ల "రాష్ట్రం"లో వత్తులు రెండూ కలిసిపోయి నల్లటి ముద్ద అయ్యాయి. రెండో మిషను డబ్బా మీద 2400 అని పెద్ద అక్షరాలతో ఉంది. అయితే అది ఒక దిక్కునే, రెండో దిక్కున 600. అందుకే గ్రాఫులో వాలు గీతలు మెట్లు మెట్లుగా పడ్డాయి. రెండు దిక్కులా 1200 ఉన్న కాగితంలో వత్తులు విడివిడిగా, బూడిద గడిలో అక్షరాలు అంచులు చెదరకుండా ఉన్నాయి. ఒక్కటే లోటు, ఇంగ్లిషు అక్షరాలు మరీ సన్నగా కనిపించాయి. తన పుస్తకం ప్రూఫుల్లో అచ్చు నచ్చక 1977లో లేటెక్‌కు మూలమైన టెక్ పని మొదలుపెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త డోనల్డ్ నూత్ గీసిన కంప్యూటర్ మోడరన్ అక్షరాలవి, వాటి గీతలే సన్నం. ప్రింటరు సెట్టింగుల్లో నలుపు ఒక మెట్టు పెంచితే సరిపోయింది.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. చవక మిషన్లలో చాలావాటికి పేజీని బొమ్మగా మార్చే పని కంప్యూటరే చేసిపెట్టాలి. అందుకు కంపెనీ ఇచ్చే డ్రైవరు అనే సాఫ్ట్‌వేరు కావాలి. నా కంప్యూటరులో ఉన్నది విండోస్ కాదు, ఉబుంటు. నాకు మొదట నచ్చిన మిషనుకు దానికి సరిపడే డ్రైవరే లేదు. పోస్ట్‌స్క్రిప్టు, పీసీఎల్ అనేవి పేజీని వర్ణించే భాషలు. వాటిలో ఏదో ఒకటి అర్థం చేసుకునే మిషనైతే పేజీని తనే గీసుకుంటుంది. ఎయిర్‌ప్రింట్ అనే ఆపిల్ వాళ్ల ప్రింటింగ్ పద్ధతి ఉన్నవి కూడా ఉబుంటులో మామూలుగా వేరే డ్రైవరు లేకుండానే పనిచేస్తాయి. అందుకని 1200 డిపిఐ, పోస్ట్‌స్క్రిప్టు, రెండు వైపులా తనే తీసే డ్యూప్లెక్స్, నెట్‌వర్క్ ఉన్నది, పేజీ బొమ్మ ముందు పడే డ్రమ్ము వేరుగా టోనరు వేరుగా మార్చుకోగలిగేది తీసుకున్నాను. అనుకున్న 20,000 దాటింది. దానికి బాధ లేదు. టోనరు డబ్బా మీద రాసే పేజీల లెక్క 5 శాతం నలుపు ఉన్న పేజీకి చెప్పేది, బూడిద గడులు ఎక్కువైతే అన్ని పేజీలు రావు. అదీ ముందే లెక్క వేసుకున్నాను.

ఇంటికి తెచ్చిన రోజు ఇన్వర్టరు లైనులో పెట్టాను. మొదటి పేజీ రాకముందే ఇన్వర్టరు ట్రిప్పయింది. టోనరు అంటే ప్లాస్టిక్ పొడి, దాన్ని కాగితం మీద కరిగించే ఫ్యూజరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. ఇప్పుడు నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టాను. కరెంటు పోతే పని ఆపేస్తాను.

100 మిల్లీమీటర్ల గీతను స్కేలుతో కొలిస్తే 97 వచ్చింది. మిషనులో లోపమేమో అని కంగారుపడ్డాను గానీ ప్రింట్ డైలాగులో పేజీని కాస్త కుదించే "ఫిట్" ఉంది, దాన్ని "యాక్చువల్ సైజ్"కి మారిస్తే సరిగ్గా 100 వచ్చింది. పిల్లలు గ్రాఫు మీద స్కేలు పెట్టి కొలుస్తారు, ఇది తప్పితే జవాబులు తప్పుతాయి.

కాగితం సంగతి మాత్రం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. మనది సముద్రం గాలి. వానాకాలంలో విప్పి ఉంచిన రీము తేమ పీల్చుకుని వంకర తిరుగుతుంది, డ్యూప్లెక్స్‌లో ఇరుక్కుంటుంది. 75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే కాగితం వాడుతున్నాను. ట్రేలో 50 కాగితాలకు మించి పెట్టను, మిగతా రీము ప్లాస్టిక్ కవరులో కట్టి బీరువాలో ఉంచుతాను. వెలుతురుకు పట్టి చూస్తే ముందు పేజీ వరసకూ వెనక పేజీ వరసకూ ఒక మిల్లీమీటరు తేడా ఉంది, దాన్ని సెట్టింగుల్లో ఇంకా సర్దాలి. స్పైరల్ బైండింగు కోసం లోపలి మార్జిను 25 మిల్లీమీటర్లు వదులుతున్నాను కాబట్టి ఈ సెమిస్టరుకి ఇబ్బంది లేదు.