వేడి సాంబారు, పల్చటి కవరు

మొన్న ఆదివారం మా ఆయన తిరుపతిలో బైరాగిపట్టెడ దగ్గర బండిలో ఇడ్లీ పార్సిల్ కట్టించుకోని వచ్చినాడు. సాంబారు కవరు ముడి విప్పుదామని పట్టుకుంటే చెయ్యి సుర్రుమనింది, ఆ వేడికి కవరు మెత్తబడి అడుగున సాగి సంచి మాదిరి వేలాడతా ఉంది, గిన్నెలో పోసినాక కూడా ప్లాస్టిక్ వాసన పోలేదు. ఇన్నాళ్లూ ఇదే సాంబారు నాలుగేళ్ల మా పాపకి పోసి పెట్టినానే అని ఆరోజు నాకు ఇడ్లీ దిగలేదు.

అప్పట్నుంచి దీని గురించి చదవతానే ఉన్నా. ఈ పల్చటి పాలిథిన్ కవర్లు సుమారు 110 డిగ్రీలకి కరిగిపోతాయి, పొయ్యి మీద తెర్లే సాంబారు దానికి ఎంతో దూరంలో లేదు. కరక్కపోయినా సరే, వేడీ నూనే పులుపూ తగిలితే ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు కొంచెం కొంచెంగా తిండిలోకి దిగతాయి, దీన్ని మైగ్రేషన్ అంటారు. మన దేశంలో కిలో తిండిలోకి 60 మిల్లీగ్రాములకి మించి దిగకూడదని తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 రూల్స్‌లో ఉంది. రీసైకిల్ చేసిన క్యారీబ్యాగుల్లో తినేవి పెట్టకూడదని 1999లోనే చెప్పినారు, మరి మన అంగళ్లలో వేడి వేడి బోండాలు అట్లాంటి నల్ల కవర్లో వేసిస్తా ఉంటే ఎవురూ అడగరే?

బీపీఏ (బిస్ఫినాల్-ఏ) అని ఒక రసాయనం ఉంది, గట్టి పాలికార్బనేట్ బాటిళ్లలో, టిన్నుల లోపలి పూతలో ఉంటుంది. చంటిపిల్లల పాలసీసాల్లో దాన్ని యూరప్‌లో 2011లో, అమెరికాలో 2012లో ఆపేసినారు. శరీర బరువులో కిలోకి రోజుకి 4 మైక్రోగ్రాముల వరకూ పర్లేదని 2015లో చెప్పిన యూరప్ తిండి భద్రత సంస్థే 2023లో దాన్ని 0.2 నానోగ్రాములకి (మైక్రోగ్రాములో వెయ్యో వంతు ఒక నానోగ్రాము) దించేసింది, అంటే 20,000 రెట్లు తక్కువ! ఈరోజు పర్లేదు అన్నది రేపు మారిపోవచ్చు కదా, అందుకే చిన్నపిల్లలున్న ఇంట్లో ముందే జాగ్రత్త పడాలంటాను.

అట్లని ప్లాస్టిక్ అంటేనే విషమని భయపెట్టడం లేదు. చల్లటి పాలప్యాకెట్టుతో, పప్పులూ బియ్యం పోసుకునే డబ్బాలతో నాకేం పేచీ లేదు. కాగే సాంబారు, పరోటా సేర్వా, ఊరగాయ, ఇవే నా బాధ. డబ్బా అడుగున త్రికోణంలో 5 ఉంటే పాలీప్రొపిలీన్, అది వేడికి కాస్త తట్టుకుంటుంది, 6 ఉంటే వేడివి వెయ్యొద్దు.

తిరుమల కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు తీసేసి గాజు సీసాలు పెట్టినారు, చాలా మంచి పని, అయితే అది చెత్త గురించి. కింద మన తిండి సంగతి మనమే చూసుకోవల్ల.

మా ఇంట్లో ఐస్‌క్రీం డబ్బా ఒకటుంది, పుత్తూరు నుంచి అమ్మ అందులోనే మామిడికాయ ఊరగాయ పంపిస్తాది. డబ్బా లోపలంతా ఎర్రగా పట్టేసింది, సబ్బుతో, సున్నిపిండితో, ఎండలో పెట్టి ఎన్ని చేసినా పోలేదు. నూనె ప్లాస్టిక్‌లోకి అంత ఇంకిందంటే, ప్లాస్టిక్‌లోది నూనెలోకి రాకుండా ఉంటుందా?

ఇప్పుడు బండికి స్టీల్ క్యారియర్ ఎత్తుకోని పోతా ఉన్నాం. ఆ అన్న "నాకేమక్కా, పోస్తా, అందురూ తెస్తే కవర్ల ఖర్చు నాకే మిగల్తాది" అన్నాడు. అమ్మకి ఫోన్ చేసి ఈసారి ఊరగాయ గాజు సీసాలో పెట్టమంటే, బస్సులో పగిలిపోతే ఎట్లమ్మా అంటా ఉంది. నేనే వచ్చి ఒళ్లో పెట్టుకోని తెచ్చుకుంటాలే అని చెప్పినా.