మూడో అంతస్తు నుంచి నీటి దాకా: చవక గాలి కయాక్‌తో మా తొలి వేసవి

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, బెల్లెవ్యూలో మేముండే అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంది. కారు మామూలు సెడాన్. పైన సామాను కట్టుకోవడానికి కమ్మీలు లేవు. ఒకవైపు లేక్ వాషింగ్టన్, మరోవైపు లేక్ సమామిష్ పదిహేను నిమిషాల దూరంలో ఉన్నా, గట్టి ప్లాస్టిక్ కయాక్ (తెడ్లతో నడిపే సన్నటి చిన్న పడవ) కొంటే దాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న దగ్గరే మూడేళ్ళుగా ఆగిపోతున్నాము. ఈ ఏడాది మార్చిలో, 150 డాలర్లు దాటకుండా గాలి నింపుకునే కయాక్ ఒకటి కొని, ఎండాకాలమంతా వాడి చూసి, ప్రతిసారీ గమనించినవి రాసుకోవాలని నిర్ణయించుకున్నాను.

మార్చి అంతా కొలతలు చూడడానికే సరిపోయింది. ఇంటెక్స్ వారి ఛాలెంజర్ కే1 పొడవు 274 సెంటీమీటర్లు, వెడల్పు 76, మోసే బరువు 100 కిలోలు, అది ఒక్కరికే. అదే సంస్థ ఎక్స్‌కర్షన్ ప్రో పొడవు 384 సెంటీమీటర్లు, పొరలు పొరలుగా అతికిన మందపాటి బట్టతో చేసినది కాబట్టి ఎక్కువ గాలి పట్టి గట్టిగా నిలుస్తుంది, కానీ మా బడ్జెట్‌కు అందలేదు. మధ్యలో మిగిలింది ఎక్స్‌ప్లోరర్ కే2: పొడవు 312, వెడల్పు 91, ఇద్దరికి సీట్లు, 180 కిలోల పరిమితి. మా ఇద్దరి బరువు 138 కిలోలు. నీళ్ళ సీసాలు, పంపు, తిండి కలిపినా 150 దాటదు. పెట్టెమీద రాసిన పరిమితికి అంచుదాకా వెళ్ళకూడదన్నది నేను పెట్టుకున్న మొదటి నియమం, ఎందుకంటే బరువు పెరిగేకొద్దీ మెత్తటి అడుగు మధ్యలో కుంగి, పడవ అరటిపండులా వంగి, ఎంత తెడ్డు వేసినా ముందుకు కదలదు. ఆ మోడల్‌నే 120 డాలర్లకు కొన్నాము.

అయితే 120 డాలర్లతో నీటిలోకి దిగలేమని తెలియడానికి వారం పట్టలేదు. పెట్టెలో పంపు, రెండు తెడ్లు, అడుగున బిగించే ప్లాస్టిక్ రెక్క వస్తాయి. లైఫ్ జాకెట్లు రావు. వాషింగ్టన్ రాష్ట్రంలో పడవలో ఎందరుంటే అన్ని జాకెట్లు ఉండి తీరాలి, 12 ఏళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలైతే చిన్న పడవల్లో వాటిని వేసుకునే ఉండాలి. చట్టం పెద్దలను వేసుకొమ్మని బలవంతం చేయకపోయినా, జూన్ దాకా ఇక్కడి చెరువుల నీరు ఊపిరి బిగుసుకుపోయేంత చల్లగా ఉంటుంది కాబట్టి మేము ఒడ్డునే బకిల్ పెట్టుకుని ఎక్కుతాము. జాకెట్లు రెండూ 95, నీరు చొరని సంచి 20, తర్వాత కొన్న పొడవాటి తెడ్డు 55 కలిపితే లెక్క 290కి చేరింది. "చవక" అన్న మాట పడవకే చెల్లుతుంది.

ఏప్రిల్‌లో హాల్లో సోఫా జరిపి మొదటిసారి గాలి నింపాము. పంపు పైకి లాగినా, కిందికి నొక్కినా గాలి వెళ్తుంది. మొదటి రోజు ఇరవై నిమిషాలు పట్టింది, ఇప్పుడు పదిలో అవుతోంది. ఎంత నింపాలన్నది చేతితో నొక్కి ఊహించనక్కరలేదు. పడవ పక్కన అచ్చువేసిన గీత గాలితో సాగి, వాడుక పుస్తకంలోని స్కేలు పొడవుకు సమానమైనప్పుడు ఆపాలి. రాత్రంతా అలాగే వదిలేస్తే తెల్లవారేసరికి కొంచెం మెత్తబడింది. కంగారు పడి మూతల చుట్టూ సబ్బునీళ్ళు రాసి చూశాను. ఒక్క బుడగ కూడా రాలేదు. హీటర్ ఆపేసిన గదిలో చల్లబడి లోపలి గాలి కుంచించుకుపోయింది, అంతే.

ఆ సంగతి మే నెలలో బాగా పనికొచ్చింది. ఎనటై బీచ్ నుంచి బయలుదేరి, ఐ-90 రహదారి వంతెనల కింద నుంచి మెర్సర్ స్లూ అనే నెమ్మది కాలువలోకి వెళ్ళాము. ఎండలో బిగువుగా నింపిన పడవ చల్లటి నీటిలో పది నిమిషాలకే మెత్తబడింది. సీటు కుంగి మోకాళ్ళు గడ్డానికి దగ్గరయ్యాయి. అందుకని ఇప్పుడు గాలి నింపి, పడవను నీటిలో పెట్టి, జాకెట్లు సరిచూసుకున్నాక మళ్ళీ కాస్త గాలి కొట్టి అప్పుడు ఎక్కుతాము. దీనికి వ్యతిరేకమైన జాగ్రత్త ఒడ్డుకు వచ్చాక ఉంటుంది: నిండుగా ఉన్న పడవను ఎండలో వదిలేస్తే గాలి వేడెక్కి అతుకుల మీద ఒత్తిడి పడుతుంది కాబట్టి నీడకు చేర్చాలి, లేదా కొంత గాలి వదలాలి.

అదే రోజు అడుగు రెక్కను కారులో మరచిపోయాము. ప్రతి తెడ్డు దెబ్బకూ పడవ ముక్కు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరిగింది తప్ప తిన్నగా సాగలేదు. కోనసీమలో పుట్టి పెరిగిన మా ఆవిడ ముందు సీటు నుంచి వెనక్కి తిరిగి, "ఏమండీ, నేను ఎటు వేస్తే మీరూ అటే వేస్తున్నారు. అమరంలో, పడవ వెనక కూర్చున్నవాళ్ళే కదా దారి పట్టాల్సింది?" అంది. గోదావరి మీద పంటు దాటడమే తప్ప ఆవిడా ఎప్పుడూ తెడ్డు పట్టలేదు, కానీ ఆ మాట నిజమే. ముందున్న మనిషి ఒకే ఊపులో వేస్తూ పోవాలి, వెనకున్న మనిషి దానికి తగ్గట్టు దిద్దుకోవాలి. రెక్క బిగించిన రెండో ప్రయాణంలో సగం ఇబ్బంది తీరింది. లోతు తక్కువైన చోట ఆ రెక్క నేలకు తగిలి విరగవచ్చు, కాబట్టి మోకాలు లోతు వచ్చేదాకా పడవను పైకెత్తి నడిపించాక ఎక్కుతున్నాము. పొడవాటి తెడ్డు కొన్నది కూడా అప్పుడే. 91 సెంటీమీటర్ల వెడల్పున్న పడవలో పొట్టి తెడ్డుతో వేస్తే వేళ్ళ కణుపులు పక్కగోడలకు రాసుకుంటాయి. 230 సెంటీమీటర్లది నాకు సరిపోయింది.

జూన్‌లో ఐడిల్‌వుడ్ పార్కు నుంచి లేక్ సమామిష్‌లోకి దిగినప్పుడు బయట వీచే గాలి ఎంత పని చేయగలదో తెలిసింది. ఎత్తయిన గోడలు, తక్కువ బరువు, చదునైన అడుగు ఉన్న పడవ తెరచాపతో సమానం. దక్షిణంగా పోతుంటే ఎంత హాయిగా ఉందో, ఎదురుగాలిలో తిరిగి రావడానికి రెండింతల సమయం పట్టింది. అప్పటి నుంచి ఉదయం పది లోపే ముగించడం, ముందు గాలికి ఎదురుగా వెళ్ళి తిరుగు ప్రయాణంలో దాని సాయం తీసుకోవడం, గంటకు 8 మైళ్ళు దాటిన గాలి ఉంటే ఇంట్లోనే ఉండిపోవడం అలవాటు చేసుకున్నాము. ఒడ్డును వదిలి మధ్యకు వెళ్ళము. వేగంగా పారే నదులకు ఇది పనికిరాదు, అక్కడికి తీసుకుపోయే ఆలోచన కూడా లేదు.

జులైలో తప్పు పూర్తిగా నాదే. కొంగ ఫొటో కోసం మెర్సర్ స్లూ గట్టుకు ఆనించాను. ఈ ప్రాంతమంతా అల్లుకుపోయిన బ్లాక్‌బెర్రీ పొద ఒకటి నీటి మీదికి వంగి ఉంది. సన్నగా "సు" అని వినిపించింది గానీ ముల్లు గుచ్చిన చోటు కనపడలేదు. మిగతా అరలు విడివిడిగా ఉండటంతో ఒక పక్కకు ఒరిగినా సురక్షితంగా ఒడ్డు చేరాము. ఇంటికొచ్చి సబ్బునీళ్ళు రాస్తే ఆవగింజంత బుడగ ఉబ్బింది. పెన్నుతో చుట్టూ గీసి, గాలి పూర్తిగా తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, మూలలు గుండ్రంగా కత్తిరించిన వినైల్ ముక్కకు వినైల్ జిగురు రాసి అతికించి, పైన లావాటి పుస్తకాలు పెట్టి ఒక రోజంతా కదపలేదు. గాలి ఉండగా అతికిస్తే జిగురు పట్టదు. మూలలు గుండ్రంగా లేకపోతే అక్కడే లేచిపోతుంది.

నిజానికి అన్నిటికన్నా ఎక్కువ సమయం ఆరబెట్టడానికే పడుతోంది. అడుగుకూ పక్కలకూ మధ్యనున్న మడతల్లో గ్లాసెడు నీళ్ళు దాక్కుంటాయి. అలాగే మడిస్తే మూడో రోజుకు బూజు వాసన వస్తుంది. ఒడ్డునే స్పాంజితో పిండి, ఇంటికొచ్చాక సగం గాలితో బాల్కనీలో గోడకు ఆనించి, వడియాల గుడ్డ తిప్పినట్టు మధ్యమధ్యలో తిప్పుతున్నాము. తెడ్డు వేసేది గంటన్నర అయితే, నింపడం, తుడవడం, ఆరబెట్టడం అన్నీ కలిపి ఇంచుమించు అంతే అవుతుంది.

ఆగస్టు చివరికి పదకొండు సార్లు వెళ్ళాము. పాచ్ నిలిచింది, కానీ ఒక అంచు గోరు దూరేంత లేచింది; వానలు మొదలవకముందే దాన్ని పీకి కొత్తది వేయాలి. అది ఆరాక టాల్కం పౌడరు చల్లి, పాత మడతల మీదే మళ్ళీ మడవకుండా వదులుగా చుట్టి, మంచం కింద సూట్‌కేసుల పక్కన పెడతాను.