కానగంతల పులుసు, మూడు మాత్రలు

టీబీ మందులు మొదలుపెట్టిన రోజు నా బరువు 46 కిలోలు. ఆ బరువుకు రోజూ పరగడుపున మూడు మాత్రలు, ఒక్కో మాత్రలో నాలుగు మందులు. మూత్రం ఎర్రగా వస్తుంది, కంగారు పడొద్దని ముందే చెప్పారు. బలానికి గుడ్లు, పప్పు, చేపలు బాగా తినమన్నారు. చేపల గురించి అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

రెండో నెలకల్లా దగ్గు తగ్గి ఆకలి తిరిగొచ్చింది. ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన కానగంతలు తెచ్చారు. మా విశాఖ వాళ్లకి ఈ చేపంటే ప్రాణం. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్తాలో ఉన్నది కూడా మన తీరం మాటే. అత్తయ్య పులుసు పెట్టారు. ఏ చెడు వాసనా లేదు. మొదటి ముక్క మాత్రం నాలుక మీద మిరియంలా చురుక్కుమంది. కారం ఎక్కువైందనుకుని తినేశాను.

అరగంట కాలేదు, చెవులు మండిపోయాయి. అద్దంలో చూసుకుంటే ముఖం, మెడ, ఛాతీ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. తల పగిలిపోతున్నంత నొప్పి. గుండె దడదడ కొట్టుకుంటోంది, విరేచనాలు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. అదే పులుసు తిన్న మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు. "ఆ మాత్రలు వేడి చేసుంటాయమ్మా, రేపట్నుంచి ఆపేయ్" అన్నారు అత్తయ్య ఏడుస్తూ. నాకూ అదే భయం.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ రెండే ప్రశ్నలు వేసింది: ఏం తిన్నారు? ఏ మందులు వాడుతున్నారు? యాంటీహిస్టమిన్ ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి, పక్కనే కూర్చుని ఓపిగ్గా చెప్పింది. ఆవిడకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కానగంత, సూర లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. ఐస్ లేకుండా ఎండలో ఉంటే బ్యాక్టీరియా దాన్ని ఒళ్లు ఇలా ఎర్రగా కందిపోయేలా చేసే హిస్టమిన్ అనే రసాయనంగా మార్చేస్తుంది. ఎంత ఉడికించినా ఆ హిస్టమిన్ పోదు. తిండితో వచ్చే హిస్టమిన్‌ని పేగు గోడ దగ్గరే విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది, డయామిన్ ఆక్సిడేజ్. అది కాక కాలేయం, మూత్రపిండాలు, మెదడు కణాల లోపల పనిచేసేది ఇంకోటి, హిస్టమిన్ ఎన్-మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్. నా మాత్రల్లోని ఐసోనియాజిడ్ ఆ మొదటి ఎంజైమ్‌ని అడ్డుకుంటుంది. మిగతా ముగ్గురి పేగుల్లో విరిగిపోయింది నాలో విరగకుండా రక్తంలోకి వెళ్లింది. ఇంజెక్షన్ కూడా హిస్టమిన్‌ని విరగ్గొట్టదట, అది శరీరం మీద పనిచేయకుండా అడ్డుపడుతుందంతే. (గర్భిణుల్లో మాయ ఆ డయామిన్ ఆక్సిడేజ్‌నే వందల రెట్లు ఎక్కువగా తయారు చేస్తుందని ఆ రోజే విన్నాను. పాప కడుపులో ఉన్నప్పుడు ఎన్ని కానగంతలు తిన్నానో!)

"ఇది చేపల అలర్జీ కాదు, మాత్రల తప్పూ కాదు. మాత్రలు మాత్రం ఆపకండి, ఆపితే టీబీ మొండికెత్తుతుంది" అని అత్తయ్యకి వినపడేలా మళ్లీ చెప్పింది.

రాత్రికల్లా ఎరుపు దిగిపోయింది. తలనొప్పి మర్నాటి దాకా ఉంది. పొద్దున్న మాత్రలు చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చేయి వణికింది. అత్తయ్యే నీళ్ల గ్లాసు తెచ్చి ఎదురుగా నిలబడ్డారు. మింగాను.

తర్వాత నాలుగు నెలలూ గుడ్లు, పప్పు, చికెన్‌తోనే నెట్టుకొచ్చాను. నాతో పాటు మందులు తీసుకునే ప్రతి ఒక్కరికీ చేపల సంగతి చెప్పాను. కొంతమందికి డాక్టర్లు చెప్పారు, చాలామందికి తెలియదు. మందుల చీటీ మీద ఒక్క వాక్యం రాస్తే చాలు కదా అని ఇప్పటికీ బాధేస్తుంది.

ఆరు నెలలకు కోర్సు అయిపోయింది, కళ్లె పరీక్షలో ఏమీ లేదు, బరువు 52. డాక్టరమ్మ చెప్పినన్ని రోజులు ఆగి, తెల్లవారుజామున మా ఆయన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ఐస్ డబ్బాలో కానగంతలు తెచ్చారు. అత్తయ్య ముందు తను ఒక ముక్క తిని, కాసేపు ఆగి, "చురుక్కుమనట్లేదు, తిను" అన్నారు.