చందా వేశాక మిగిలేది

2009లో కాకినాడలోని మా హాస్టల్ గదికి పోస్టులో ఒక పల్చటి అట్ట కవరు వచ్చింది. అందులో ఉబుంటు అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సీడీ ఒకటి, దానితో పాటు కంప్యూటరు మీద అంటించుకోవడానికి చిన్న స్టిక్కర్లు కొన్ని ఉన్నాయి. రూపాయి కూడా కట్టకుండా విదేశం నుంచి ఒక వస్తువు నా పేరు మీద రావడం అదే మొదటిసారి కాబట్టి, ఇందులో ఏదో తిరకాసు ఉంటుందని మా గదిలో ముగ్గురమూ అనుకున్నాం. ఆ కవరు తెప్పించుకోవచ్చని నాకు చెప్పింది ఇంటర్నెట్‌లోని ఒక లినక్స్ బృందంలో ఉన్న, నేను ఎన్నడూ ముఖం చూడని ఒక వాడుకరి. మా కంప్యూటర్లో మెమరీ ఎంతో, ప్రాసెసరు ఏదో అడిగి తెలుసుకుని, ఇది ఎక్కించుకుంటే బాగా నడుస్తుందని ఓపిగ్గా వివరించాడు. ఇన్నేళ్ళుగా నేను వాడుతున్న సాఫ్ట్‌వేర్లలోనూ, ఆడిన ఆటల్లోనూ ముప్పాతిక భాగం ఇలాగే, ఎవరో ఒకరు నా అవసరం కనుక్కుని చెప్పడం వల్ల తెలిసినవే తప్ప, ప్రకటన చూసి తెలుసుకున్నవి కావు.

మరుసటి ఏడాది మే నెలలో అదే బృందంలో హంబుల్ ఇండీ బండిల్ గురించి చర్చ మొదలైంది. వరల్డ్ ఆఫ్ గూ, ఆక్వేరియా, గిష్, లుగారు, పెనంబ్రా ఓవర్‌చర్ అనే ఐదు ఆటలను కలిపి, ఎవరికి తోచినంత వాళ్ళు చెల్లించి తీసుకోవచ్చని ప్రకటించారు. అన్నీ లినక్స్ మీద నడుస్తాయి, కాపీ కాకుండా తాళాలేవీ వేయలేదు, చెల్లించిన సొమ్ములో ఆట తయారుచేసినవాళ్ళకు ఎంత, సేవాసంస్థలకు ఎంత అన్నది కూడా కొనేవాళ్ళే నిర్ణయించుకోవచ్చు. నా దగ్గర విదేశాలకు చెల్లించగల కార్డు లేకపోవడంతో డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మగారి అబ్బాయికి ఫోన్ చేశాను. "ఎంతైనా ఇవ్వొచ్చంటున్నారు కదరా, మరి పది డాలర్లెందుకు?" అని అడిగాడు అన్నయ్య. "వాళ్ళు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఏళ్ళ తరబడి చేసిన ఆటలు అన్నయ్యా, ఒక్క డాలరు ఇవ్వడానికి మనసు ఒప్పడం లేదు" అన్నాను. అతను ఇరవై కట్టి, ఆ సంగతి నాకు సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు చెప్పాడు.

ఆ వారం రోజుల్లో జరిగిన ఒక విషయం నా మనసులో గట్టిగా నాటుకుపోయింది. వసూలు పది లక్షల డాలర్లు దాటితే ఆ ఆటల్లో నాలుగింటి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం, బయటపెడతామని వాటి కర్తలు మాట ఇచ్చారు. చివరికి పన్నెండు లక్షలకు పైగా వచ్చాయి, వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. లుగారు అనేది కుందేళ్ళు తోడేళ్ళతో కుస్తీ పట్టే ఆట. దాని కోడ్ దించుకుని, గురుత్వాకర్షణను నిర్ణయించే అంకెను కాస్త తగ్గించి, మళ్ళీ కంపైల్ చేసేసరికి తెల్లవారుజామున మూడయింది. ఆట తెరిచి ఒక్క గెంతు గెంతించగానే ఆ కుందేలు కొండ అంచు దాటి, గాలిపటంలా తేలుతూ, చాలాసేపటికి గానీ నేలకు దిగలేదు. మూడేళ్ళుగా సి భాషను పరీక్షల కోసం బట్టీ పట్టిన నాకు, ఒక అంకె మారిస్తే ఒక ప్రపంచం నడవడిక మారుతుందని ఆ రాత్రే తెలిసింది.

మన ఊళ్ళలో చందా అన్న మాటకు ఉన్న అర్థం, పదిమంది దగ్గరా సొమ్ము పోగుచేయడానికి వాడే క్రౌడ్‌ఫండింగ్ అన్న కొత్త మాటలో పూర్తిగా ఇమడదని నాకనిపిస్తుంది. వినాయక చవితి పందిరికి వేసే చందా అయినా, గ్రంథాలయానికి వేసే చందా అయినా, వేసినవాడికి మాత్రమే చెందే వస్తువు కాదు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు దాతల సొమ్ముతో, పుస్తకాలు తెచ్చి ఇచ్చినవాళ్ళ చేతుల మీదుగా పెరిగాయి. అక్కడికి వెళ్ళి చదువుకున్నవాళ్ళలో ఎక్కువమంది పైసా ఇవ్వనివాళ్ళే. ఇచ్చినవాళ్ళకు అది తెలుసు, తెలిసే ఇచ్చారు. సాఫ్ట్‌వేర్ విషయంలో ఈ పద్ధతి అచ్చంగా కనిపించేది బ్లెండర్ చరిత్రలో.

బ్లెండర్ మొదట నెదర్లాండ్స్‌లోని ఒక యానిమేషన్ స్టూడియో తన పని కోసం రాసుకున్న త్రీడీ సాఫ్ట్‌వేర్. దాన్ని రాసిన టాన్ రోజెండాల్ తర్వాత దాని కోసమే ఒక కంపెనీ పెట్టారు, పెట్టుబడిదారులు వచ్చారు, 2002 వచ్చేసరికి కంపెనీ మూతపడింది. మామూలుగా అయితే కథ అక్కడితో ముగిసిపోవాలి, ఎందుకంటే కోడ్ హక్కులు పెట్టుబడిదారుల చేతిలో ఉన్నాయి, వాడుకరుల దగ్గర ఉన్నది పాతబడిపోబోయే ఒక ప్రోగ్రాము మాత్రమే. రోజెండాల్ ఆ పెట్టుబడిదారులతో మాట్లాడి, లక్ష యూరోలు ఇస్తే కోడ్‌ను అందరికీ వదిలేయడానికి ఒప్పించి, ఆ ఏడాది జూలైలో వాడుకరులను చందా అడిగారు. ఇలా జనం దగ్గర సొమ్ము పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటు పుట్టడానికి అది ఏడేళ్ళ ముందు మాట. ఏడు వారాల్లో ఆ లక్ష యూరోలు పోగయ్యాయి. 2002 అక్టోబరు 13న బ్లెండర్, ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సుతో విడుదలైంది. చందా ఇచ్చినవాళ్ళు కొనుక్కున్నది సాఫ్ట్‌వేర్‌ను కాదు, దాని విడుదలను. అప్పటికి పుట్టని పిల్లలు ఈ రోజు దాన్ని ఉచితంగా దించుకుని బొమ్మలకు ప్రాణం పోస్తున్నారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాట్వియా దేశపు "ఫ్లో" ఆ బ్లెండర్‌తోనే తయారయింది. ఆ వార్త విన్న రోజున నాకు ముందుగా గుర్తొచ్చినవాళ్ళు 2002లో తలా కొంచెం పంపిన ఆ వాడుకరులే.

చందాలన్నీ ఇలా ఫలించవు. ఉద్యోగంలో చేరి, సొంత కార్డు వచ్చిన కొత్తలో, 2015లో నేనొక ఆట కోసం ఇరవై ఐదు డాలర్లు కట్టాను. పరిచయ వీడియో చాలా అందంగా ఉంది, నాకు తెలిసినవాళ్ళు నలుగురైదుగురు కూడా కట్టారు. మొదటి ఆరు నెలలు నెలకొక ఉత్తరం వచ్చింది, తర్వాత మూడు నెలలకొకటి, ఆ తర్వాత ఇల్లు మారుతున్నామని, ప్రోగ్రామర్ వెళ్ళిపోయాడని ఒకటి వచ్చి, అంతటితో ఆగిపోయింది. డబ్బు పోయినందుకు నాకు అంత బాధ కలగలేదు. వాళ్ళు రెండేళ్ళు కష్టపడి వేసిన బొమ్మలు, కట్టిన సంగీతం, రాసిన కోడ్ ఎవరి హార్డ్ డిస్కులోనో మట్టిగొట్టుకుపోయాయన్నదే నా బాధ. ఇంకొకరు అందుకుని ముందుకు నడిపే వీలు లేకుండా పోయింది.

అప్పటి నుంచి ఎవరైనా కొత్త ప్రాజెక్టు చూపించి చందా వేయమంటే, ఇది పూర్తి కాకపోతే మిగిలేది ఏమిటి అని అడగడం నాకు అలవాటయింది. జీరో ఏడీ అనే ఆటను దీనికి ఉదాహరణగా చెబుతుంటాను. ప్రాచీన సామ్రాజ్యాల మధ్య యుద్ధాల మీద వైల్డ్‌ఫైర్ గేమ్స్ అనే స్వచ్ఛంద బృందం దాన్ని తయారుచేస్తోంది. 2009లోనే కోడ్‌ను, బొమ్మలను స్వేచ్ఛా లైసెన్సుల కింద విడుదల చేశారు. 2013లో ఇండీగోగో అనే చందాల వెబ్‌సైటులో లక్షా అరవై వేల డాలర్లు అడిగితే వచ్చింది సుమారు ముప్పై మూడు వేలు. లెక్క ప్రకారం అది విఫలమైన ప్రయత్నమే. అయినా ఆట ఆగలేదు, ఎందుకంటే అది ఆ డబ్బు మీద మాత్రమే బతకడం లేదు. అందులో మౌర్యులు కూడా ఉన్నారు. వాళ్ళ ఏనుగులు యుద్ధానికే కాకుండా సామాన్లు చేరవేయడానికీ పనికొస్తాయి, కట్టెలు కొట్టేవాళ్ళ పక్కనే నిలబడి తొండం ఊపుతుంటాయి. నా ఆటలో సగం సమయం ఆ ఏనుగును చూడటానికే సరిపోతుంది.

కోడ్ తెరిచి ఇవ్వని ఆటల పట్ల నాకు చిన్నచూపు లేదు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం 2014లో కిక్‌స్టార్టర్‌లో ముప్పై ఐదు వేల ఆస్ట్రేలియన్ డాలర్లు అడిగి, యాభై ఏడు వేలకు పైగా పోగుచేసి, 2017లో హాలో నైట్‌ను విడుదల చేసింది. దానికి అదనంగా ఇస్తామన్న చిన్న భాగం పెరిగి పెరిగి సిల్క్‌సాంగ్ అనే పూర్తి ఆట అయ్యి 2025 సెప్టెంబరులో వచ్చింది. 2014లో చందా వేసినవాళ్ళకు దాన్ని విడిగా డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. పదకొండేళ్ళ నాటి మాటను అలా గుర్తుపెట్టుకోవడం గొప్ప నిజాయితీ. అలాంటి ఆట నచ్చితే పూర్తి ధర ఇచ్చి కొంటాను. అది కొనుగోలు, చందా కాదు. ఈ రెంటినీ కలిపేసినప్పుడే మనకు నిరాశ ఎదురవుతుందని నా అభిప్రాయం.

నా చందా అంటూ క్రమం తప్పకుండా వెళ్ళేది క్రీటాకు. నేను ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటూ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను, ఆ పనంతా క్రీటాలోనే చేస్తాను. 2014లో వాళ్ళు కిక్‌స్టార్టర్‌లో పదిహేను వేల యూరోలు అడిగింది, ఒక ప్రోగ్రామరు ఆరు నెలలు వేరే పని పెట్టుకోకుండా దీని మీదే కూర్చోవడానికి. ఎవరి జీతం, ఎన్ని నెలలు, ఏ పని అని అంత సూటిగా చెప్పిన విజ్ఞప్తిని నేను అంతకు ముందు చూడలేదు. కుంచె గీత ఆలస్యం లేకుండా కలం వెంట వస్తోందంటే అది ఎవరో ఒకరి నెలల కష్టమని, కొబ్బరాకు ఈనెలు గీస్తున్నప్పుడల్లా నాకు తెలుస్తుంది.

ఇక తెలుగు అక్షరాల సంగతి చెప్పాలి. ఆటలు తయారుచేయడానికి వాడే గోడో అనే ఇంజిన్‌ను అర్జెంటీనాకు చెందిన ఇద్దరు మొదలుపెట్టి 2014లో కోడ్‌తో సహా బయటపెట్టారు. 2019లో నేను అందులో తెలుగు రాసి చూద్దామని "తాతయ్య కొట్టుకు వెళ్ళి ఉప్పు, పప్పు తీసుకురా" అన్న వాక్యం పెట్టాను. ఆ వాక్యంలో వత్తు లేని మాట ఒక్కటే. తెర మీద ఒక్క వత్తూ కిందికి దిగలేదు, ప్రతి హల్లూ పొల్లు పెట్టుకుని పక్కపక్కనే నిలబడింది. ఉప్పు చూస్తే "ఉప్‌పు" అని కనిపించింది. తప్పు ఫాంటుది కాదు. అక్షరాలను కలిపి సరైన రూపం కూర్చే దశ ఒకటి ఉంటుంది, ఆ ఇంజిన్‌లో ఆ దశే లేదు. అరబ్బీ, హిందీ, తమిళం రాసేవాళ్ళందరిదీ ఇదే గోడు. ఆ లోటు ఎవరో ఒకరు పూనుకుని తీర్చవలసిందే తప్ప, ఏ కంపెనీకీ అర్జీ పెట్టుకునే పని కాదు.

2023 మార్చిలో గోడో 4 విడుదలైనప్పుడు అందులో పాఠాన్ని కూర్చే భాగాన్ని కొత్తగా రాశారు. దాని లోపల హార్ఫ్‌బజ్ అనే మరో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనిచేస్తుంది. ఆ పేరుకు మూలం పర్షియన్ మాట, "తెరిచిన అక్షరం" అని దాని అర్థం. మన ఫోన్లలో, బ్రౌజర్లలో తెలుగు ఒత్తులు చక్కగా కుదురుతున్నాయంటే చాలా చోట్ల దాని చలవే. కొత్త గోడో దించుకున్న సాయంత్రం నేను ముందుగా తాతయ్య కొట్టు వాక్యాన్నే పెట్టాను. గిడుగు ఫాంటు ఎంచుకున్నాను, అది కూడా సిలికానాంధ్ర వాళ్ళు స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చినదే. టకారం కింద టవత్తు, పకారం కింద పవత్తు, ళకారం కింద ళవత్తు, వేటి చోట్లో అవి కూర్చున్నాయి.

ఇప్పుడు ఆ వాక్యం మా అక్క కూతురి ఆటలోకి చేరింది. అనకాపల్లిలో తొమ్మిదో తరగతి చదువుతోంది, వేసవి సెలవుల్లో గోడో నేర్చుకుంది. చిన్నపిల్ల ఊళ్ళో తిరిగి, అమ్మమ్మ చెప్పిన సరుకులు తెచ్చిపెట్టడమే ఆట. "మామయ్యా, కొట్టు బొమ్మ నువ్వే వేసివ్వాలి" అని అడిగింది. వేసి పంపిస్తే, కొట్టు మూసేసి ఉన్నప్పుడు కూడా బయట ఆ బస్తా ఏమిటని సందేహం వచ్చింది దానికి. అది ఉప్పు బస్తా అనీ, పూర్వం రాత్రిళ్ళు కూడా కొట్టు బయటే వదిలేసేవారనీ, ఎవరూ ముట్టుకునేవారు కాదనీ చెప్పాను. ఆ మాటలనే అమ్మమ్మ నోట పెట్టి ఆటలో రాసుకుంది. బొమ్మ అసలు ఫైలును, పొరలు విడివిడిగా ఉంచి, ఎవరైనా మార్చుకుని వాడుకోవచ్చన్న లైసెన్సుతో నిన్న పైకెక్కించాను.