సున్నా సందు దగ్గర

ఇంజను కవాటాన్ని నొక్కి తెరిచే రాకర్ బోల్టు బిగించాను. ఆ రాకర్‌ను కింది నుంచి నెట్టే పుష్‌రాడ్ ఎంత పొడవుండాలో తేల్చడానికి, పొడవు మార్చగల సర్దుబాటు పుష్‌రాడ్‌ను వేళ్లతో కొద్దికొద్దిగా తిప్పుతున్నాను. కవాటాలు రెండూ మూసే ఉన్నాయి. రాడ్‌కూ రాకర్‌కూ మధ్య సందు సరిగ్గా మాయమైన చోట ఆగి, తీసి కొలిచాను: 7.365 అంగుళాలు.

క్యామ్ మీద నిలిచి రాడ్‌ను పైకి నెట్టే ఈ లిఫ్టర్లకు కావలసిన ప్రీలోడ్, అంటే సందు పోయాక రాడ్ వాటిని ఇంకా లోపలికి నొక్కాల్సిన దూరం, 0.060 కలిపితే 7.425. ఎల్‌ఎస్ (జనరల్ మోటార్స్ వి8) ఇంజనుతో వచ్చిన పాత రాడ్లు 7.400. కొత్త క్యామ్‌షాఫ్ట్ బేస్ సర్కిల్ (కవాటం మూసి ఉన్నప్పుడు లిఫ్టర్ ఆనే, ఉబ్బు లేని గుండ్రటి భాగం) వ్యాసం 0.050 తక్కువ, కాబట్టి లిఫ్టర్ అందులో సగం కిందికి దిగింది. లెక్క ఎంత చక్కగా కలిసిందో!

పాతవే వేసేద్దామని నిన్నటిదాకా అనుకున్నాను. వేస్తే ఇంజను నడిచేదే, కానీ ప్రీలోడ్ 0.035 దగ్గరే ఆగిపోయేది. ఆ పని నాకు నచ్చదు.

ఎగ్జాస్ట్ వైపు ఇంకా కొలవలేదు. అదీ చూశాకే పదహారు రాడ్లూ తెప్పిస్తాను.